చీమ నుంచి చేప దాకా

(మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

లోపలికి వస్తున్నప్పుడు మీలో ఐదుగురి చేతికి మడిచిన చీటీ ఒకటి ఇచ్చారు. దాన్ని ఇప్పుడే విప్పొద్దు. ఈపాటికి విప్పే ఉంటారు, తెలుసు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకోండి. చివర్లో దానితో పనుంది.

ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవాళ్ళు కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. జనం వస్తారన్నారు. నేను రికర్షన్ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలివైపు కాసేపు మాట లేదు. తర్వాత, "అది ఫస్టియర్ సిలబస్ కదా సార్" అన్నారు. అవును, ఫస్టియర్ సిలబస్సే. ముప్ఫై ఏళ్ళుగా అదే చెబుతున్నాను, ముప్ఫై ఏళ్ళుగా సగం క్లాసు అక్కడే కాలు జారుతోంది. జనం సంగతి నాకు తెలీదు కానీ, ఈ మాటకైతే మాస్టారు తప్పకుండా వచ్చేవారు. ముందు వరుసలో కూర్చుని, మధ్యలో లేచి నన్ను సరిదిద్దేవారు కూడా.

ఆయన లెక్కల మాస్టారు. కాలేజీకి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక లెక్కలు చెప్పేవాళ్ళకి అప్పజెప్పారు. కంప్యూటర్ల గదికి ఏసీ ఉండేది, మా క్లాసు గదుల్లో ఫ్యానే దిక్కు. చెప్పులు గుమ్మం బయట విప్పి వెళ్ళాలి, గుడికి వెళ్ళినట్టు. పదిమందికి ఒక మెషీను. నీలం తెర మీద పసుపు అక్షరాల టర్బో సీ. రికర్షన్ పాఠం రోజున ఆయన మమ్మల్ని ఆ గదిలోకి తీసుకెళ్ళలేదు. క్లాసులోనే నిలబెట్టి, ఏడు చేపల కథ చెప్పమన్నారు.

డిగ్రీ పిల్లల్ని ఏడు చేపల కథ చెప్పమంటే ఏమవుతుందో మీకు తెలుసు. నవ్వాం. ఆయన నవ్వలేదు. చివరికి ఒకడు లేచి చెప్పాడు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళడం, ఏడు చేపలు తేవడం, వాటిలో ఒకటి ఎండకపోవడం. ఎందుకెండలేదని అడిగితే చేప గడ్డిమోపు మీద పెట్టింది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. చీమ మాత్రం ఎవరి మీదా పెట్టలేదు. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. అంతే.

"కథ అయిపోయిందా?" అన్నారు మాస్టారు.

"అయిపోయింది సార్."

"మరి చేప ఎండిందా?"

ఎవరం మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్న కథ. చేప గురించి మొదలైన కథ చీమ దగ్గర ఆగిపోతే, ఆ తర్వాత చేప ఏమైందని మాలో ఒక్కరూ అడగలేదు.

అప్పుడాయన కథని కాస్త మార్చారు. అసలు కథలో అడిగేవాడు ఒక్కడే. రాజకుమారుడే గడ్డి దగ్గరికి, ఆవు దగ్గరికి, అవ్వ దగ్గరికి ఊరంతా తిరుగుతాడు. "అది లూపు" అన్నారు మాస్టారు. "మన కథలో రాజకుమారుడు చేపని ఒక్కదాన్నే అడుగుతాడు. చేప 'ఉండు, కనుక్కుని చెబుతా' అని గడ్డిమోపుని అడుగుతుంది. గడ్డిమోపు 'ఉండు' అని ఆవుని అడుగుతుంది. ఎవళ్ళ ప్రశ్న వాళ్ళు అడిగి, జవాబొచ్చేదాకా అక్కడే నిలబడతారు. ఇలా అందరూ నిలబడి ఉండగా ప్రశ్న చీమ దాకా వెళ్తుంది. చీమకి ఇంకెవర్నీ అడగాల్సిన పని లేదు. అది చెబుతుంది. ఇప్పుడు మీరు వెనక్కి రండి."

ఆ వెనక్కి రావడం మా వల్ల కాలేదు. చీమ చెప్పిన మాట పిల్లాడు విని, దానికి తన మాట కలిపి అవ్వకి చెప్పాలి. అవ్వ విన్నదానికి తన మాట కలిపి పాలేరుకి చెప్పాలి. పాలేరు ఆవుకి. ప్రతి చోటా జవాబు కొంచెం పెరుగుతుంది. చివరికి చేప రాజకుమారుడికి చెప్పేసరికి అది ఊరంత వాక్యం కావాలి. మేం సగం దారిలోనే తడబడ్డాం. అవ్వ దాకా వచ్చాక మళ్ళీ ముందుకే వెళ్ళిపోయాడు మావాడు, చీమ వైపుకి. అలవాటు కదా.

ఇవాళ నేను మీతో చెప్పదలుచుకున్నది ఆ రోజు ఆయన చూపించినదే. మనం రికర్షన్‌లో కిందికి దిగడం నేర్పుతున్నాం, పైకి రావడం నేర్పడం లేదు.

దీనికి తెలుగు పేరు పెడదామంటే పునరావృతం అనాలి. ఆ మాట విన్న పిల్లవాడికి మళ్ళీ మళ్ళీ జరగడం అని అర్థమవుతుంది. మళ్ళీ మళ్ళీ జరిగేది లూపు. పేరులోనే తప్పు దారి చూపించే మాట ఎందుకని నేను రికర్షన్ అనే అంటున్నాను. వ్యాకరణ పండితులు మన్నించాలి.

ఆ మాట కంటే ఎక్కువ హాని చేసింది మన మొదటి ఉదాహరణ. దేశంలో ఏ కాలేజీకైనా వెళ్ళండి, ఏ పుస్తకమైనా తెరవండి, రికర్షన్ అనగానే ఫ్యాక్టోరియల్. ఒకటి నుంచి ఎన్ దాకా గుణించడం. అది లూపుతో నాలుగు లైన్లలో వస్తుందని పిల్లలకి అప్పటికే తెలుసు, ముందు వారమే ల్యాబులో రాశారు. ఇప్పుడు అదే లెక్కని ఇంకో వేషంలో చూపిస్తే వాళ్ళు ఏమనుకుంటారు? ఇది కూడా లూపే, కాకపోతే పరీక్షలో అడిగే లూపు అనుకుంటారు. ఎన్‌ని ఒకటి తగ్గించుకుంటూ పోవడం కనిపిస్తుంది, గుణకారం కనిపిస్తుంది. గుణకారం తిరిగొచ్చే దారిలో జరుగుతుందన్నది కనిపించదు. ఎందుకంటే మూడు ఇంటూ రెండు ఇంటూ ఒకటిని వెళ్ళేటప్పుడు గుణించినా, వచ్చేటప్పుడు గుణించినా అదే ఆరు. పొరపాటుగా అర్థం చేసుకున్నవాడికి కూడా సరైన జవాబే వస్తుంది. పాఠం చెప్పేవాడికి ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ ఉండదు.

మా రోజుల్లో దానికి ఇంకో వినోదం. ఏడు ఇస్తే 5040 అని బుద్ధిగా చెప్పేది. ఎనిమిది ఇస్తే మైనస్ 25216 అనేది. రికర్షన్ అంటేనే ఇంతేనని మేం తేల్చేశాం. మాస్టారు రికార్డు బుక్కు తిరగేసి, "రికర్షన్ ఏం పాపం చేసింది? డబ్బా చిన్నది" అన్నారు. ఆ కంపైలర్లో ఇంట్ పదహారు బిట్లు, 32767 దాటితే పట్టదు. 40320లోంచి 65536 తీసెయ్యమన్నారు, తీసేస్తే అచ్చంగా ఆ మైనస్ సంఖ్యే వచ్చింది. ఇప్పటి మెషీన్లలో ముప్ఫై రెండు బిట్ల ఇంట్‌తో అదే తమాషా పదమూడు దగ్గర జరుగుతుంది. ఇప్పటి పిల్లలు కూడా రికర్షన్‌నే తిడతారు.

ఇక్కడ పిల్లల పక్షాన ఒక మాట చెప్పాలి. రికర్షన్‌ని లూపులా అర్థం చేసుకోవడం వాళ్ళ మొద్దుతనం కాదు. 1983లో ఇంగ్లండ్‌లోని ఓపెన్ యూనివర్సిటీకి చెందిన హ్యాంక్ కానీ ఈ విషయం మీద ఒక పరిశోధన చేశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ మనసులో రికర్షన్ ఏ బొమ్మగా ఉందని చూశాడు. బాగా తెలిసినవాళ్ళ మనసులో ఉన్నది నకళ్ళ బొమ్మ. ప్రతి పిలుపుకీ ఫంక్షన్ కొత్త నకలు ఒకటి పుడుతుంది, దాని ఎన్ దానిది. కొత్తవాళ్ళలో ఎక్కువమందిది లూపు బొమ్మ. ఫంక్షన్ ఒక్కటే, ఎన్ అనే పెట్టె ఒక్కటే, మళ్ళీ మొదటి లైనుకి వెళ్ళి తిరుగుతుంటుంది అనుకుంటారు. మాస్టారు ఆ పేపరు చదివి ఉంటారని నేననుకోను. కానీ ఊరంతా తిరిగే ఒక్క రాజకుమారుడు ఆ లూపు బొమ్మే. ఉండమని చెప్పి నిలబడ్డ చేప, గడ్డి, ఆవు ఆ నకళ్ళు.

ఒకే పెట్టె ఉంటుందనుకోవడం అంత వింత ఆలోచనా? తొలినాళ్ళ ఫోర్ట్రాన్ అలాగే పనిచేసేది. ఒక్కో సబ్‌రొటీన్‌కి మెమరీలో ఒక్కటే స్థలం, దాని వేరియబుల్స్‌కి ఒక్కటే గది. తనని తాను పిలుచుకుంటే పాత విలువ చెరిగిపోయేది. అందుకే పిలుచుకోనిచ్చేవారు కాదు. ప్రామాణిక ఫోర్ట్రాన్‌లో రికర్షన్‌కి చోటు దొరికింది ఫోర్ట్రాన్ 90తో. మరోవైపు జాన్ మెకార్థీ లిస్ప్ గురించి రాసిన వ్యాసం, ఆల్గాల్ 60, ఆ రెంటితోపాటు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా రికర్సివ్ ప్రోగ్రామింగ్ అన్న పేరుతో రాసిన వ్యాసం, మూడూ 1960లోనివే. పిలుపుకో కొత్త గది ఇచ్చి, వాటిని ఇస్తరాకుల కట్టలా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాన్నే ముందు తీయాలని డైక్‌స్ట్రా వివరంగా చూపించాడు. అంత పెద్దవాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకుని కనుక్కున్నదాన్ని మనం మంగళవారం మధ్యాహ్నం యాభై నిమిషాల పీరియడ్‌లో చెప్పేసి, అర్థమైందా అని అడుగుతాం. అర్థమైందంటారు పాపం. ఇంటికెళ్ళే బస్సు నాలుగింటికి.

ఎవరి ఎన్ వాళ్ళది అన్న మాట నేను ఇప్పుడు ఇలా చెబుతాను. క్లాసులో ఉన్న ప్రతివాళ్ళూ ఇంట్లో "నాన్న" అనే మాట వాడతారు. మాట ఒక్కటే, మనిషి వేరు. నీ ఇంట్లో నాన్నకి జ్వరమొస్తే పక్కింట్లో నాన్న మంచం ఎక్కడు. ఎన్ కూడా అంతే, ఏ ఇంటి ఎన్ ఆ ఇంటిది. చిన్న పోలికే కానీ బోర్డు మీద గీసిన డబ్బాల కంటే బాగా పనిచేసింది.

ఇక తిరుగు దారి సంగతి. జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు హ్యాంక్ కానీ చేసిన పనిని మళ్ళీ ఎత్తుకుని 2003లో ఒక పేపరు రాశారు. పిల్లలు చేసిన ట్రేసులు ముందేసుకుని, ఎవరి మనసులో ఏ బొమ్మ ఉందో పోల్చారు. కిందికి దిగే దారిని యాక్టివ్ ఫ్లో అనీ, తిరిగొచ్చే దారిని పాసివ్ ఫ్లో అనీ అన్నారు. కొందరు పిల్లలకి మొదటిది ఉంది, రెండోది లేదు. బేస్ కండిషన్ దాకా వెళ్ళి, అక్కడ దొరికిందే జవాబనుకుని ఆగిపోయారు. అది చదువుతుంటే నాకు మా క్లాసు, మావాడు, ఏడు చేపల కథ గుర్తొచ్చాయి. చీమ దగ్గర ఆగిపోయే పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

ఒక చిన్న పరీక్షతో వీళ్ళని పట్టుకోవచ్చు. ఎన్‌ని ప్రింట్ చేసి, తర్వాత ఎన్ మైనస్ ఒకటితో తనని తాను పిలుచుకునే, సున్నా దగ్గర ఆగిపోయే ఫంక్షన్ ఒకటి రాయండి. మూడు ఇస్తే మూడు, రెండు, ఒకటి అని వస్తుంది. అందరూ చెబుతారు. ఇప్పుడు ఆ రెండు లైన్లనీ తారుమారు చేయండి. ముందు పిలుపు, తర్వాత ప్రింట్. ఏం వస్తుంది? కొందరు అదే వస్తుందంటారు. కొందరు ఏమీ రాదంటారు, పిలిచాక కింది లైనుకి ఇంక రాదు కదా అని. కొందరు ఒకటి మాత్రమే వస్తుందంటారు. ఒకటి, రెండు, మూడు అని చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగినవాడు పైకి రావడం తెలిసినవాడు. ఫ్యాక్టోరియల్ వంద సార్లు రాయించినా దొరకని సంగతి ఇక్కడ రెండు లైన్లలో దొరుకుతుంది.

దీని తర్వాత నేను ఫ్యాక్టోరియల్‌కి వెళ్ళను, బైనరీకి వెళ్తాను. ఆరుని బైనరీలో రాయాలి. రెండుతో భాగిస్తే శేషం సున్నా, మూడుని భాగిస్తే ఒకటి, ఒకటిని భాగిస్తే ఒకటి. శేషాలు వచ్చిన వరుస సున్నా, ఒకటి, ఒకటి. కానీ రాయాల్సింది తిరగేసి, 110 అని. లూపుతో చేస్తే శేషాలన్నీ ఒక ఎర్రేలో దాచి, వెనక నుంచి చదవాలి. రికర్షన్‌తో చేస్తే ముందు సగాన్ని బైనరీలో రాయమని పిలిచి, అది రాసొచ్చాక నా శేషం నేను రాస్తాను. ఎర్రే అక్కర్లేదు. తిరగేసే పనిని తిరుగు దారే చేసిపెడుతుంది. ఈ లెక్కలో పని అంతా వెనక్కి వచ్చేటప్పుడే జరుగుతుంది కాబట్టి లూపు బొమ్మతో ఆలోచించినవాడికి జవాబు తిరగబడి వస్తుంది. తప్పుగా అర్థం చేసుకుంటే తప్పు జవాబు ఇచ్చే ఉదాహరణ కావాలి మనకి.

ఇప్పుడు చాలా కాలేజీల్లో సీ బదులు పైథాన్‌తో మొదలుపెడుతున్నారు. చీమ వ్యాధి అక్కడ ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఒక లిస్టులో ఏదో వెతికే ఫంక్షన్ రాస్తారు. దొరికితే దాన్ని రిటర్న్ చేయమంటారు. దొరక్కపోతే మిగిలిన లిస్టు మీద తనని తాను పిలుచుకోమంటారు. ఆ పిలుపు ముందు రిటర్న్ అన్న మాట మర్చిపోతారు. నడిపితే నన్ అని వస్తుంది. "సార్, లోపల దొరుకుతోంది, ప్రింట్ పెట్టి చూశాను, బయటికి మాత్రం రావడం లేదు" అంటాడు. చీమ చెప్పింది, పిల్లాడు విన్నాడు, అవ్వకి చెప్పలేదు. ఈ ఒక్క మాటతో ఆ తప్పు దిద్దుకున్నవాళ్ళు నాకు లెక్కలేనంతమంది. కథ తెలియని పిల్లలకి ముందు కథ చెప్పాల్సి వస్తోంది, అది వేరే దిగులు.

బేస్ కండిషన్ గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి అందరూ చెబుతారు. ఒక్కటి మాత్రం ఉంది. మా బ్యాచ్‌లో ఒకడు ఎన్ సున్నాకి సమానమా అని అడగాల్సిన చోట ఒకే ఈక్వల్ గుర్తు పెట్టాడు. సీ భాషలో అది ప్రశ్న కాదు, ఎన్‌లో సున్నా పెట్టమని ఆజ్ఞ. ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. మెషీను బిగుసుకుపోయింది. వెనక తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. మాస్టారు మెషీను ఆపి, మళ్ళీ ఆన్ చేసి, అది లేచేలోపు వాడిచేత ఆ లైను పైకి చదివించారు. "ఎన్ ఈక్వల్ టు సున్నా అయితే" అని చదివాడు వాడు. "నువ్వు చదివింది నువ్వు రాయలేదు" అన్నారు. ఇప్పుడు పైథాన్ వెయ్యి పిలుపుల లోతు దగ్గర మామూలుగా తనే ఆపేసి కోప్పడుతుంది. మాకా భాగ్యం లేదు.

మాస్టారితో నాకు ఒక తగాదా ఉండేది, దాన్ని దాచడం ఆయనకే నచ్చదు. ఆయనకి చీటీలంటే ప్రాణం. శుభలేఖల వెనకవైపు కత్తిరించి చీటీలు చేసేవారు. ఒక్కో చీటీ మీద మూడు గీతలు. నా ఎన్ ఎంత, నన్ను పిలిచిందెవరు, నేనెక్కడ ఆగాను. పిల్లల్ని లేపి, చేతిలో చీటీ పెట్టి, ఫంక్షన్‌ని నడిపించేవారు. పిలిచినవాడు నిలబడే ఉండాలి, జవాబు చెప్పేసినవాడు కూర్చోవాలి. ఇంతకంటే బాగా స్టాక్‌ని చూపించే పద్ధతి నేనింతవరకు చూడలేదు. కానీ ఆయన ప్రతి ప్రోగ్రామునీ అలాగే నడిపించేవారు. ఫిబొనాచ్చి ఐదో సంఖ్యకి పదిహేను పిలుపులు, క్లాసు సగం లేచి నిలబడేది. నలభయ్యో సంఖ్యకైతే 33 కోట్ల 11 లక్షల 60 వేల 281 పిలుపులు, రెండు రాష్ట్రాల జనాన్ని పిలిచినా చాలరు. అన్నింటినీ చీటీలతో నడిపిస్తే పిల్లవాడు ఎప్పటికీ యంత్రంలాగే ఆలోచిస్తాడు, ప్రోగ్రాం రాసేవాడిలాగా ఆలోచించడు అని నేననేవాణ్ణి. ఆయన ఒప్పుకునేవారు కాదు.

నా పక్షం ఇది. పెళ్ళికి ఎన్ని విస్తళ్ళు వేయాలో లెక్క కావాలి. ఇంటి పెద్దాయన ఏం చేస్తాడు? ఉన్న నలుగురు పిల్లల్నీ పిలిచి, మీ మీ సంసారాల్లో ఎంతమంది అని అడుగుతాడు. నాలుగు అంకెలు కూడి, తనకి ఒకటి కలుపుతాడు. పెద్దకూతురు తన లెక్క ఎలా వేసిందో ఆయనకి అక్కర్లేదు. ఆవిడా తన పిల్లల్ని అలాగే అడిగి ఉంటుంది. ఆ నమ్మకమే రికర్షన్ రాయడానికి మూలం. ఎరిక్ రాబర్ట్స్ 1986లో ఒక చిన్న పుస్తకమంతా ఈ నమ్మకం మీదే రాశాడు. చిన్న లెక్క సరిగ్గా వస్తుందనుకో, దాంతో నా పెద్ద లెక్క ఎలా కట్టాలో చూసుకో అంటాడు. అప్పజెప్పాక తొంగి చూడొద్దంటాను నేను. మన ఆడపడుచుల అప్పగింతల్లో కూడా ఆ సలహా ఎవరూ పాటించరనుకోండి.

ఈ విస్తళ్ళ లెక్కలో ఇంకో అందం ఉంది. బేస్ కండిషన్ ఎక్కడా అని పిల్లలు వెతుక్కుంటారు. పిల్లల్లేని మనిషికి అడగడానికి ఎవరూ ఉండరు, కూడడానికి అంకెలుండవు, తనకి ఒకటి. ప్రత్యేకంగా ఇఫ్ రాయనక్కర్లేదు. సంసారం లోపల సంసారం, ఫోల్డర్ లోపల ఫోల్డర్. సమాచారమే ఆ ఆకారంలో ఉన్నప్పుడు రికర్షన్ తెచ్చిపెట్టుకున్నట్టు ఉండదు, లూపే తెచ్చిపెట్టుకున్నట్టు ఉంటుంది.

చివరికి తగాదా ఎలా తేలిందంటే, సగం సగం. చీటీలు మూడు దాటకూడదన్నది ఇప్పుడు నా నియమం. మూడు చీటీలతో నడవడం చూపించాక, ఆ తర్వాతదంతా నమ్మకం మీద రాయించాలి. చీటీలు అసలు చూడనివాడికి నమ్మకం మూఢనమ్మకమవుతుంది. చీటీలే చూసినవాడు అడవిలో చెట్లు లెక్కపెడుతూ ఉండిపోతాడు.

హనోయి టవర్స్ ఈ నమ్మకానికి పరీక్ష కావాల్సింది, మనం దాన్ని కంఠస్థం చేశాం. ఎడ్వర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో దాన్ని బొమ్మగా అమ్మకానికి పెట్టాడు. దానితోపాటు కాశీలో బ్రాహ్మణులు అరవై నాలుగు బంగారు బిళ్ళలు మారుస్తున్నారన్న కథ కూడా పుట్టింది. సెకనుకో బిళ్ళ చొప్పున అది పూర్తవడానికి సుమారు 58,500 కోట్ల సంవత్సరాలు. పిల్లలకి ఈ కథ నచ్చుతుంది, ప్రోగ్రాం మాత్రం మూడు లైన్ల మంత్రంగా మిగిలిపోతుంది. వైవాలో నేను ప్రోగ్రాం అడగడం మానేశాను. నాలుగు బిళ్ళలకి పదిహేను ఎత్తులు కదా, ఎనిమిదో ఎత్తులో కదిలే బిళ్ళ ఏది అని అడుగుతాను. అన్నిటికంటే పెద్దది. అది ఒక్కసారే కదులుతుంది, సరిగ్గా మధ్యలో. దానికి ముందు ఏడు, తర్వాత ఏడు, రెండూ మూడు బిళ్ళల లెక్కే. ఫోన్లో అడిగితే ప్రోగ్రాం క్షణంలో వచ్చే ఈ రోజుల్లో వైవాకి ఇలాంటి ప్రశ్నలే మిగిలాయి.

నాకు బాగా ఇష్టమైన పాఠం మాత్రం ఇంకోటుంది. దాన్ని మాస్టారికి చూపించే అవకాశం రాలేదు.

మన పిల్లలు హైస్కూల్లో ఛందస్సు చదివే వస్తారు. లఘువు, గురువు, యమాతారాజభానసలగం. పరీక్ష అవగానే మర్చిపోయామంటారు, కానీ గుర్తుంటుంది. మూడక్షరాల గణాలు ఎనిమిది. అవన్నీ ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కటి కూడా రెండుసార్లు రాకుండా రాయమని అడుగుతాను. పిల్లలు తోచినట్టు రాసి, ఏడు రాసి, ఎనిమిదోది వెతుక్కుంటారు. అప్పుడు అడుగుతాను. రెండక్షరాలవి నాలుగూ మీ చేతిలో ఉన్నాయనుకోండి, ఎవరో రాసి ఇచ్చారు. మూడక్షరాలవి ఎలా వస్తాయి? కాసేపటికి ఎవరో ఒక అమ్మాయి చెబుతుంది. ఆ నాలుగింటికీ చివర గురువు పెట్టాలి, మళ్ళీ ఆ నాలుగింటికీ చివర లఘువు పెట్టాలి. బోర్డు మీద రాస్తే మొదటి నాలుగూ మ, య, ర, స. తర్వాతి నాలుగూ త, జ, భ, న. సంస్కృత ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం వేసే వరుస సరిగ్గా ఇదే. ఆ క్షణంలో క్లాసులో ఒక చిన్న శబ్దం వస్తుంది, పాఠం చెప్పేవాళ్ళకి తెలుస్తుంది.

మరి రెండక్షరాలవి ఎవరు రాసిచ్చారు? అదే పద్ధతి, ఒక్కక్షరంవాటితో. ఒక్కక్షరంవి? సున్నా అక్షరాలవాటితో. సున్నా అక్షరాలకి ఎన్ని రకాలు? సున్నా అంటారు అందరూ, గట్టిగా. సరే, ప్రతి మెట్టులోనూ రెట్టింపు కదా, సున్నాని రెట్టించుకుంటూ రండి అంటాను. సున్నా, సున్నా, సున్నా. మూడక్షరాల గణాలు కూడా సున్నా. ఇప్పుడు వాళ్ళలో వాళ్ళకి గొడవ మొదలవుతుంది. ఏమీ రాయకపోవడం కూడా ఒక రకమేనా? ఖాళీ విస్తరి కూడా విస్తరేనా? ఒకటి అని ఒప్పుకున్నాక ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. బేస్ కండిషన్ దగ్గర ఒక చిన్న తప్పు పైదాకా ఎలా పాకుతుందో దీని తర్వాత చెప్పాల్సిన పని లేదు.

అక్షరాలు వదిలేసి మాత్రలు లెక్కపెడితే ఇంకా బాగుంటుంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా వస్తాయి? చివర లఘువైతే ముందున్నవి మూడు మాత్రలు, అవి మూడు రకాలు. చివర గురువైతే ముందున్నవి రెండు మాత్రలు, అవి రెండు రకాలు. మొత్తం ఐదు. ఐదు మాత్రలకి ఎనిమిది. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది. ఫిబొనాచ్చి కదా సార్ అంటారు. 1202లో ఫిబొనాచ్చి కుందేళ్ళ లెక్క రాయడానికి ముందే విరహాంకుడు, ఆ తర్వాత హేమచంద్రుడు మాత్రావృత్తాల కోసం ఈ లెక్క వేశారు. ఛాతీ విరుచుకోవడానికి చెప్పడం లేదు. కుందేళ్ళ కథలో ఆ సూత్రం ఎందుకు వచ్చిందో పిల్లలకి అంత తేలిగ్గా తట్టదు. పద్యపాదం చివర ఏముందని అడిగితే సూత్రం వాళ్ళే చెబుతారు. చెప్పినదాన్ని మర్చిపోతారేమో కానీ, తాము చెప్పినదాన్ని మర్చిపోరు.

దీన్ని సిలబస్‌లో పెట్టమని ఒకసారి ఒక కమిటీలో అడిగాను. కంప్యూటర్ సబ్జెక్టులో తెలుగు వ్యాకరణం ఎందుకన్నారు. ఆ మీటింగులో టీ బాగుంది. ప్రశ్నపత్రంలో ఇప్పటికీ రికర్షన్‌ని నిర్వచించి ఉదాహరణతో వివరించమనే అడుగుతున్నారు. పిల్లలు ఫ్యాక్టోరియలే రాస్తున్నారు. మార్కులు పడుతున్నాయి.

మాస్టారు పోయాక వాళ్ళబ్బాయి నాకొక రేకు డబ్బా ఇచ్చాడు. నిండా చీటీలు. ఒకవైపు ఎవరెవరివో పెళ్ళి ముహూర్తాలు, రెండోవైపు ఆయన దస్తూరిలో మూడు గీతలు. కొన్నింటి మీద పిల్లల రాతలు ఇంకా ఉన్నాయి. ఒక దాని మీద "నన్ను పిలిచిందెవరు" అన్న చోట ఎవరో "మా అమ్మ" అని రాశారు. దాన్ని ఆయన పారేయలేదు.

మీ చేతుల్లో ఉన్నవి ఆ డబ్బాలోవే. ఐదు చీటీల మీదా ఒక్కో అంకె రాశాను. మూడు దాటకూడదన్న నా నియమాన్ని ఈ ఒక్క రోజుకి ఆయన కోసం తప్పుతున్నాను. పని తెలిసిందే. మీ అంకె ఒకటైతే ఎవర్నీ పిలవక్కర్లేదు, ఒకటి అని గట్టిగా చెప్పి కూర్చోండి. కాకపోతే మీ అంకెలో సగం, శేషం వదిలేసి, ఎవరి చీటీ మీద ఉందో వాళ్ళని పిలవండి. వాళ్ళు చెప్పి కూర్చున్నాకే మీ శేషం మీరు చెప్పి కూర్చోవాలి. అంతదాకా నిలబడే ఉండాలి, కాళ్ళు నొప్పెట్టినా సరే. మిగతావాళ్ళు వినపడ్డ అంకెల్ని వరుసగా కాగితం మీద రాసుకోండి.

ఇరవై ఐదు చీటీ ఎవరి దగ్గరుంది? లేవండి.